కారుకు చిన్న ప్రమాదం జరిగితే ముందు ఏ కాగితం, తర్వాత ఏ గడప

సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న కారును వెనక నుంచి ఆటో గుద్దింది. బంపర్ ఊడింది, డిక్కీ మూత సరిగా పడటం లేదు, వెనక సీట్లో కూర్చున్న అమ్మకు మెడ పట్టేసింది. ఇంత చిన్నదానికి లాయరు దాకా ఎందుకులే అనిపిస్తుంది. చాలాసార్లు అది నిజమే కూడా. అయితే న్యాయ సహాయం లాయరు దగ్గరే మొదలవ్వాలని లేదు. పోలీస్ స్టేషన్, బీమా కంపెనీ, ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్, రాజీతో కేసులు ముగించే లోక్ అదాలత్, బీమా కంపెనీల మీద ఫిర్యాదులు వినే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ అన్నీ ఉన్నాయి. ఏ గడప తొక్కినా మొదట అడిగేది కాగితమే. చిన్న ప్రమాదాల్లో ఎక్కువమంది కోర్టులో ఓడిపోయి నష్టపోరు. రోడ్డు పక్కన నోటి మాట నమ్మి, చేతిలో ఏమీ లేకుండా ఇంటికి వెళ్లిపోయి నష్టపోతారు. అందుకే ఇక్కడ మొదటి రెండు రోజుల గురించే ఎక్కువ చెబుతున్నాం. చట్టాలన్నీ కేంద్రానివే కాబట్టి ఆంధ్రప్రదేశ్‌లోనైనా తెలంగాణలోనైనా పద్ధతి ఒక్కటే.

మొదటి గంట

బండి ఆపి తీరాలి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 132వ సెక్షన్ ప్రకారం ఆగడం, అడిగితే పేరు, చిరునామా చెప్పడం డ్రైవరు బాధ్యత. 134వ సెక్షన్ ప్రకారం దెబ్బ తగిలినవాళ్లను ఆసుపత్రికి చేర్చాలి, 24 గంటల్లోపు స్టేషన్‌లో చెప్పాలి, బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయాలి. ఎవరికీ దెబ్బ తగలకపోయినా ఎదుటివాళ్ల ఆస్తి పాడైతే ఇదే వర్తిస్తుంది. జనం గుమిగూడి కొట్టేలా ఉంటే అక్కడే నిలబడాల్సిన పని లేదు, నేరుగా స్టేషన్‌కు వెళ్లవచ్చు. పోలీసులకు 112, అంబులెన్సుకు 108, జాతీయ రహదారి మీదైతే 1033.

బండ్లు పక్కకు తీసే ముందు ఫోటోలు తీయండి. దగ్గర నుంచి గీతలు తీస్తే సరిపోదు. నాలుగు మూలల నుంచి దూరపు ఫోటోలు కావాలి. అందులో రెండు బండ్లూ, వాటి నంబర్లూ, కదలని గుర్తు ఒకటీ పడాలి. మెట్రో పిల్లర్ నంబరు, కిలోమీటరు రాయి, దుకాణం బోర్డు, ఏదైనా సరే. రోడ్డు మీద పడ్డ గాజు ముక్కలు, టైరు గుర్తులు ఎవరు ఎటు నుంచి వచ్చారో చెబుతాయి కాబట్టి వాటినీ తీయండి. తర్వాత ఎదుటి డ్రైవరు లైసెన్స్, ఆర్‌సీ, బీమా కాగితం ఫోటో తీసుకోండి. చూపించనంటే పట్టుబట్టకండి. బండి నంబరు ఉంటే ఎంపరివాహన్ యాప్‌లో బీమా గడువు తెలుస్తుంది. ఇన్సూరెన్స్ ఇన్ఫర్మేషన్ బ్యూరో వారి వీ-సేవలో బండి నంబరు, ప్రమాదం తేదీ ఇస్తే పాలసీ ఏ కంపెనీదో వెతకవచ్చు. ఎదుటివాళ్ల తాళాలు లాక్కోవడం, లైసెన్స్ దగ్గర పెట్టుకోవడం మాత్రం వద్దు. న్యాయం మీ వైపు ఉన్నా ఆ పనితో మీ మీదే కేసు పడే అవకాశం ఉంది.

ఫోటోలను వాట్సాప్‌లో పంపుకుని ఫోన్‌లోవి చెరిపేయకండి. వాట్సాప్ సైజు తగ్గిస్తుంది, తీసిన సమయం వంటి వివరాలు పోతాయి. డ్యాష్‌క్యామ్ ఉంటే ఆ రోజే కార్డు తీసి పక్కన పెట్టండి, లేకపోతే కొత్త రికార్డింగు పాతదాని మీద పడిపోతుంది. వీడియోను కోర్టులో పెట్టాలంటే సాక్ష్యాల చట్టమైన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి. అసలు కార్డు ఉంటే ఆ పని సులువవుతుంది.

ఆసుపత్రిలో "యాక్సిడెంట్" అనే చెప్పండి

పోలీసు గొడవ ఎందుకని "బాత్‌రూమ్‌లో జారిపడ్డాం" అని రాయించుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. తర్వాత క్లెయిము వేసినప్పుడు బీమా కంపెనీ లాయరు ఆసుపత్రి కేస్ షీట్ తెప్పించి ఆ ఒక్క వాక్యం చదువుతాడు. ఆ దెబ్బను ప్రమాదానికి ముడిపెట్టడం ఇక దాదాపు అసాధ్యం. రోడ్డు ప్రమాదం అని చెప్పి, ఎంఎల్‌సీ (పోలీసులకు తెలియజేసే మెడికో లీగల్ కేసు) నమోదు చేయించి, ఆ నంబరు రాసుకోండి. తర్వాత పోలీసులు దీని ఆధారంగానే వూండ్ సర్టిఫికెట్, అంటే డాక్టరు ఇచ్చే గాయాల ధ్రువపత్రం, తెప్పిస్తారు. గాయం ఏ రకమో నిర్ణయించేది అదే.

చిన్న దెబ్బ అనుకున్నది చట్టం దృష్టిలో చిన్నది కాకపోవచ్చు. ఎముక విరిగినా, చిట్లినా, పన్ను ఊడినా, విరిగినా, ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 116వ సెక్షన్ ప్రకారం అది తీవ్ర గాయమే. మెడ నొప్పి, నడుము నొప్పి చాలామందికి మర్నాడు బయటపడతాయి. అప్పుడైనా ఆలస్యం చేయకుండా చూపించుకుని, ఫలానా తేదీ ప్రమాదం వల్ల అని చీటీలో రాయించండి. మందుల బిల్లులు, స్కానింగ్ రిపోర్టులు, ఆటో ఖర్చుల రసీదులు ఒకే కవరులో ఉంచండి. చేయించుకున్న వైద్యమంతా బిల్లు ఉంటేనే లెక్కలోకి వస్తుంది.

డబ్బుకు భయపడి ఆసుపత్రికి వెళ్లకుండా ఉండవద్దు. 2025 మే నుంచి అమల్లో ఉన్న కేంద్ర నగదు రహిత చికిత్స పథకం కింద, గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల వరకు, ఒక్కొక్కరికి 1.5 లక్షల రూపాయల వరకు చికిత్స దొరుకుతుంది. 112కు ఫోన్ చేసి దగ్గరలోని ఆసుపత్రి అడగండి.

రోడ్డు పక్కన రాజీ

ఎవరికీ దెబ్బ తగలకుండా, నష్టం కొద్ది వేలల్లో ఉండి, ఎదుటి మనిషి తప్పు ఒప్పుకుంటే అక్కడికక్కడే తేల్చుకోవడం మంచిదే. ఎటొచ్చీ ఎక్కువ మోసాలు జరిగేదీ ఇక్కడే. "రిపేరు ఎంతయినా నేనిస్తా అన్నా, రేపు ఫోన్ చెయ్యి" అంటారు. మర్నాడు ఎస్టిమేట్ 18,000 అనగానే ఫోన్ ఎత్తరు. అప్పటికి సాక్షులు ఉండరు, ఫోటోలు ఉండవు, స్టేషన్‌కు వెళ్తే ఇన్ని రోజులు ఏం చేశారని అడుగుతారు.

కాబట్టి మొత్తం తెలిశాకే ఒప్పుకోండి. దెబ్బతిన్న భాగాల ఫోటోలు మీ సర్వీస్ సెంటర్‌కో, మెకానిక్‌కో అక్కడి నుంచే పంపి ఉజ్జాయింపు మొత్తం చెప్పించుకోండి. బంపర్ వెనక క్లిప్పులు, సెన్సార్లు, లోపలి ఇనుప పట్టీ బయటికి కనబడవు కాబట్టి చెప్పిన దానికి కొంత కలిపి లెక్కేయండి. తర్వాత స్టాంపు కాగితం దొరికితే దాని మీద, లేకపోతే తెల్ల కాగితం మీదైనా రాజీ పత్రం రాయండి. ఇద్దరి పేర్లు, చిరునామాలు, బండి నంబర్లు, ప్రమాదం తేదీ, సమయం, చోటు, మొత్తం, అది ఎప్పుడు ఎలా చెల్లుతుందో అందులో ఉండాలి. ఇద్దరూ సంతకాలు చేసి, ఇద్దరు సాక్షులతో చేయించి, చెరో కాపీ ఉంచుకోవాలి. డబ్బు యూపీఐలో తీసుకుంటే "కారు రిపేరు రాజీ" అని నోట్‌లో రాయించండి. నగదు అయితే రసీదు తప్పనిసరి.

పత్రంలో ఒక వాక్యం మర్చిపోవద్దు: "ఈ రాజీ కారు మరమ్మతుకు మాత్రమే, శరీర గాయాలకు వర్తించదు." ఎదుటివాళ్లు "ఇకపై ఎలాంటి క్లెయిమూ చేయను" అని రాయమంటారు. ఆ రాత్రి మెడ నొప్పి మొదలైతే ఆ సంతకమే అడ్డుపడుతుంది. మనిషికి ఏ చిన్న దెబ్బ తగిలినా, డాక్టరు చూసేదాకా దేనిమీదా సంతకం పెట్టకండి.

తప్పు మీదైతే ఇంకో జాగ్రత్త ఉంది. కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా తప్పు ఒప్పుకోవడం, డబ్బు ఇస్తానని మాటివ్వడం చేయకూడదని కారు పాలసీలో షరతు ఉంటుంది. అందువల్ల రెండు వేలో మూడు వేలో జేబులోంచి ఇచ్చి తేల్చుకుంటే తేల్చుకోండి. పెద్ద మొత్తానికి మాత్రం కంపెనీని అడగకుండా కాగితం రాయొద్దు. క్షమించమని అడగడానికీ, దెబ్బ తగిలిన మనిషిని ఆసుపత్రికి తీసుకెళ్లడానికీ ఎవరి అనుమతీ అక్కర్లేదు.

స్టేషన్‌లో ఏం రాయాలి

ఫిర్యాదు తెలుగులో, మీ మాటల్లో, ఒక్క పేజీ మించకుండా రాస్తే చాలు. ఇలా ఉండొచ్చు:

"ఫలానా తేదీ ఉదయం 9:20కి నా కారు (నంబరు) కూకట్‌పల్లి నుంచి మియాపూర్ వైపు వెళ్తూ, ఫలానా మెట్రో పిల్లర్ దగ్గర రెడ్ సిగ్నల్‌కు ఆగి ఉంది. ఆ సమయంలో ఆటో (నంబరు) వెనక నుంచి వేగంగా, నిర్లక్ష్యంగా వచ్చి నా కారును ఢీకొట్టింది. కారు వెనక సీట్లో ఉన్న మా అమ్మగారికి మెడకు దెబ్బ తగిలింది. ఫలానా ఆసుపత్రిలో చూపించాం, ఎంఎల్‌సీ నంబరు ఇది. ఆటో నడిపిన వ్యక్తి పేరు, ఫోన్ నంబరు ఇవి. ఎదురుగా ఉన్న పెట్రోల్ బంకు సీసీ కెమెరా రికార్డింగు చెరిగిపోకముందే తీసుకోవాలని కోరుతున్నాను. చట్టప్రకారం చర్య తీసుకోగలరు."

మీరు ఎటు నుంచి ఎటు వెళ్తున్నారు, ఆగి ఉన్నారా కదులుతున్నారా, ఎదుటి బండి నంబరు, గాయం ఎవరికి ఎక్కడ. ఈ నాలుగింటిలో ఏదీ వదలకండి. బండి నంబరు తెలిసి కూడా రాయకుండా తర్వాత చేర్పిస్తే, బీమా ఉన్న బండిని తెచ్చి ఇరికించారని కంపెనీ వాదిస్తుంది. సీసీ కెమెరా మాట రాతలో ఉండటం కూడా ముఖ్యం, ఎందుకంటే దుకాణాల రికార్డింగు కొన్నాళ్లకే దానంతటదే చెరిగిపోతుంది.

"గాయాలు లేవు కదా, కేసు పడదు" అని స్టేషన్‌లో అంటారు. నిర్లక్ష్యంగా బండి నడపడం న్యాయ సంహిత 281వ సెక్షన్ కింద పోలీసులు నేరుగా నమోదు చేయగల నేరం. మనుషుల ప్రాణానికి ముప్పు తెచ్చేలాగానో, దెబ్బ తగిలించేలాగానో నడిపితే చాలు, దెబ్బ తగిలి ఉండక్కర్లేదు. దెబ్బ తగిలితే 125(ఎ), తీవ్ర గాయమైతే 125(బి) కలుస్తాయి. పార్కింగ్‌లో అద్దం విరిగినంత మాత్రానికి ఎఫ్‌ఐఆర్ కోసం పోరాడటం మాత్రం అనవసరం. మీ పాలసీ మీద క్లెయిముకు జనరల్ డైరీ (స్టేషన్ రోజువారీ నమోదు పుస్తకం) ఎంట్రీ నంబరు, స్టేషన్ ముద్ర ఉన్న రసీదు సరిపోతాయి. ఎదుటివాళ్ల బీమా నుంచి డబ్బు రావాలంటేనో, మనిషికి దెబ్బ తగిలితేనో ఎఫ్‌ఐఆర్ కావాలి.

పరిధి మాది కాదంటే జీరో ఎఫ్‌ఐఆర్ అడగండి. ఏ స్టేషన్‌లోనైనా రాస్తారు, తర్వాత సరైన స్టేషన్‌కు పంపుతారు. ఆన్‌లైన్‌లో ఇస్తే 3 రోజుల్లో వెళ్లి సంతకం చేయాలి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఫిర్యాదు చేసినవాళ్లకు ఉచితంగా ఇవ్వాలి. అసలు తీసుకోనే తీసుకోకపోతే సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173(4) కింద అదే ఫిర్యాదును ఎస్పీకి, కమిషనరేట్ పరిధిలో అయితే డీసీపీకి స్పీడ్ పోస్టులో పంపండి. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ కోర్టులో 175(3) కింద దరఖాస్తు వేయవచ్చు. దానికి అఫిడవిట్ కావాలి కాబట్టి లాయరు అవసరం మొదటిసారి ఇక్కడే వస్తుంది.

ఆసుపత్రి హడావుడిలో రెండు మూడు రోజులు ఆలస్యమైనా వదిలేయకండి. ఎఫ్‌ఐఆర్ ఆలస్యమైందన్న ఒక్క కారణంతో నష్టపరిహారం కాదనకూడదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. ఆలస్యం ఎందుకైందో ఫిర్యాదులోనే ఒక వాక్యం రాయండి.

కారు స్టేషన్‌లో పెడితే, మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్ చూసి పని ముగించాక 24 గంటల్లో తిరిగి ఇవ్వాలని మోటారు వాహనాల చట్టం 136వ సెక్షన్ చెబుతోంది. ఇవ్వకపోతే మేజిస్ట్రేట్ దగ్గర తాత్కాలిక స్వాధీనం కోసం పిటిషన్ వేయాలి. ఇన్‌స్పెక్టర్ చూడకముందే రిపేరుకు ఇచ్చేస్తే సాక్ష్యం పోతుంది.

మీ పాలసీ మీద క్లెయిము: వేయాలా వద్దా

కంపెనీకి ఆ రోజే ఫోన్ చేసి, ఈమెయిల్ కూడా పంపండి. తెలియజేయడం వేరు, క్లెయిము చేయడం వేరు. తెలియజేసి, క్లెయిము వద్దనుకోవచ్చు. తెలియజేయకుండా తర్వాత క్లెయిము కావాలంటే మాత్రం చిక్కు.

చిన్న నష్టానికి క్లెయిము లాభమో కాదో లెక్క వేసి చూడండి. మూడున్నరేళ్ల కారు, ఇంజిన్ 1,200 సీసీ, బంపర్ 6,000, కూలీ 4,000, మొత్తం 10,000 అనుకుందాం. ప్లాస్టిక్ భాగాలకు 50 శాతం తరుగు తీసేస్తారు, అంటే బంపర్‌కు వచ్చేది 3,000. కూలీతో కలిపి 7,000. అందులోంచి 1,500 సీసీ లోపు కార్లకు తప్పనిసరి కోత 1,000 పోగా చేతికొచ్చేది 6,000. ఇప్పుడు నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిము వేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు చూడండి. బోనస్ తీయకముందు సొంత నష్టం ప్రీమియం 8,000 అనీ, ఈ ఏడు మీకు 35 శాతం బోనస్ నడుస్తోందనీ అనుకుందాం. క్లెయిము లేకపోతే వచ్చే ఏడు 45 శాతం, ఆపై ఏడు 50 శాతం. అంటే 4,400, తర్వాత 4,000 కడతారు. క్లెయిము వేస్తే వచ్చే ఏడు సున్నా, ఆపై ఏడు 20 శాతం. అంటే 8,000, తర్వాత 6,400. రెండేళ్లలో అదనంగా కట్టేది సరిగ్గా ఆ 6,000. వచ్చింది వచ్చినట్టే పోయింది. జీరో డిప్రిసియేషన్ (తరుగు కోయకపోవడం), బోనస్ రక్షణ వంటి అదనపు కవర్లు ఉంటే లెక్క మారుతుంది. గాజుకు మాత్రం తరుగు ఉండదు.

క్లెయిము వేస్తే, నష్టం లెక్కగట్టే సర్వేయర్ చూసేదాకా ఏ భాగం విప్పించవద్దు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధనల ప్రకారం 24 గంటల్లో సర్వేయర్‌ను పెట్టాలి, 15 రోజుల్లో అతని రిపోర్టు రావాలి, ఆపై 7 రోజుల్లో కంపెనీ తేల్చాలి. సర్వేయర్ రిపోర్టు కాపీ అడిగి తీసుకోండి. తక్కువ వేశారని తర్వాత ఎక్కడ వాదించాలన్నా అదే కావాలి. ఒకే నష్టానికి ఎదుటి మనిషి దగ్గరా కంపెనీ దగ్గరా పూర్తిగా తీసుకోకూడదు. కంపెనీ కోసేసిన తరుగు, 1,000 కోత మాత్రం తప్పు చేసినవాళ్లను అడగవచ్చు.

ఇంకో అపోహ. కారుతో వచ్చే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా మరణానికీ శాశ్వత వైకల్యానికే. చెయ్యి బెణికితే దాంట్లోంచి ఏమీ రాదు, మీ హెల్త్ పాలసీ చూసుకోవాలి.

ఎదుటి బండి బీమా నుంచి రాబట్టడం

ఎదుటి కంపెనీ కాల్ సెంటర్‌కు ఫోన్ చేస్తే డబ్బు రాదు. వాళ్ల పాలసీదారు తప్పు రుజువు కావాలి, మాట తెగకపోతే అది తేల్చేది మోటారు వాహనాల ప్రమాద క్లెయిముల ట్రిబ్యునల్. జిల్లా కోర్టుల్లోనే ఉంటుంది. ఇక్కడ వేసే కేసును మన కోర్టుల్లో ఎంవీఓపీ అంటారు. గాయాలతో పాటు కారు నష్టం కూడా అడగవచ్చు. ఆస్తి నష్టం 2,000 దాటితే ట్రిబ్యునల్‌కు బదులు సివిల్ కోర్టును ఎంచుకునే వీలుంది. అయితే కోర్టు ఫీజు, పట్టే కాలం చూసుకుంటే అది అరుదుగా లాభం.

ప్రమాదం జరిగిన చోటే వేయాలని లేదు. మీరు నివసించే చోట వేయవచ్చు. విజయవాడ మనిషి కారు సూర్యాపేట దగ్గర దెబ్బతింటే విజయవాడలోనే వేసుకోవచ్చు. గడువు 6 నెలలు, 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న మోటారు వాహనాల చట్టం 166(3) ప్రకారం. ఈ గడువు చెల్లుతుందా లేదా అన్న వాదన సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. దాని మీద ఆశ పెట్టుకుని ఆగకండి, ఐదో నెలలోపే వేసేయండి.

గాయాల కేసుల్లో పోలీసులకు 2022 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు పని అప్పగించాయి. 48 గంటల్లో తొలి ప్రమాద నివేదిక, 50 రోజుల్లో మధ్యంతర నివేదిక, 90 రోజుల్లో సమగ్ర నివేదిక ట్రిబ్యునల్‌కు పంపాలి. బాధితుల హక్కులు చెప్పే ఫారం 2ను 10 రోజుల్లో మీకివ్వాలి. ఇవ్వకపోతే దర్యాప్తు అధికారిని ఆ ఫారం పేరు చెప్పి అడగండి. సమగ్ర నివేదిక అందాక బీమా కంపెనీ తన వైపు నుంచి మొత్తం ప్రతిపాదించాలి. నచ్చితే ఒప్పుకుని అక్కడితో ముగించవచ్చు.

తగిలింది ఆర్టీసీ బస్సయితే, సంస్థ సొంత బస్సుకు బీమా కంపెనీ ఉండకపోవచ్చు, పరిహారం సంస్థే ఇస్తుంది. కేసు సంస్థ మీద వేయాలి. అద్దె బస్సయితే దాని యజమానినీ బీమా కంపెనీనీ కూడా చేర్చాలి. అందుకని బస్సు నంబరుతో పాటు డిపో పేరు రాసుకోండి. ఎదుటి బండికి బీమా లేకపోతే యజమాని నుంచే రావాలి. అప్పుడు ఆలస్యం చేయకుండా లాయరును పట్టుకుని, ఆ బండిని విడిచే ముందు పూచీకత్తు తీసుకోమని కోర్టును కోరండి. బండి అమ్మేశానని చెప్పినా ఆర్‌సీలో ఎవరి పేరుంటే వాళ్లే బాధ్యులు. 2018లో సుప్రీంకోర్టు ఇది స్పష్టం చేసింది.

లాయరు ఎప్పుడు, ఎలా

కేవలం బంపర్, కేవలం మీ పాలసీ క్లెయిము అయితే లాయరు అక్కర్లేదు. ఎముక విరిగినా, పన్ను ఊడినా, పనికి వెళ్లలేక జీతం పోయినా, ఎదుటివాళ్లు తప్పు మీదే అంటున్నా, మీ మీద ఎఫ్‌ఐఆర్ పడినా, ఎదుటి బండికి బీమా లేకపోయినా లాయరును కలవండి. మీ ట్రిబ్యునల్‌లో ఎంవీఓపీలు రోజూ చేసేవాళ్లయితే మంచిది. సివిల్ దావాల్లో పేరున్న పెద్ద లాయరు కంటే, వూండ్ సర్టిఫికెట్ చూడగానే ఏం తక్కువైందో చెప్పే చిన్న లాయరు ఇక్కడ నయం.

ఆసుపత్రి వార్డులోనో స్టేషన్ బయటో తనంతట తాను వచ్చి "కేసు నేను చూసుకుంటా, వచ్చిన దాంట్లో వాటా ఇవ్వండి చాలు" అనే మనిషిని దూరం పెట్టండి. కేసు ఫలితం మీద ఫీజు మాట్లాడుకోవడం, వచ్చిన డబ్బులో వాటా తీసుకోవడం బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం నిషిద్ధం. దళారుల మీద శిక్ష వేసేలా న్యాయవాదుల చట్టాన్ని 2023లో సవరించారు కూడా. ఫీజు ఎంత, ఏ దశలో ఎంత, నోటీసు ఖర్చులు ఎవరివి అన్నది కాగితం మీద రాయించుకోండి. మీ తరఫున వాదించే అధికారమిచ్చే వకాల్తా మీద సంతకం చేయండి. ఖాళీ కాగితాలు, ఖాళీ చెక్కులు, బ్యాంకు పాస్‌బుక్, ఏటీఎం కార్డు ఎవరికీ ఇవ్వకండి. లాయరుకు నకళ్లే ఇచ్చి, అసలు కాగితాలు కోర్టులో సాక్ష్యంగా మార్క్ చేసే రోజున తీసుకెళ్లండి. లాయరును మార్చుకునే హక్కు మీకుంది. ఫీజు బాకీ ఉందని ఫైలు ఆపుకునే హక్కు లాయరుకు లేదని సుప్రీంకోర్టు 2000లో తేల్చింది.

ఉచితంగా లాయరు కావాలంటే 15100కు ఫోన్ చేయండి, లేదా కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు, మండల కమిటీకి వెళ్లండి. మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో సంబంధం లేదు. మిగతావారికి రాష్ట్రం పెట్టిన ఆదాయ పరిమితి ఉంటుంది. పైన చెప్పిన ఉదాహరణలో దెబ్బ తగిలింది అమ్మకు కాబట్టి ఆమె పేరుతో దరఖాస్తు పెడితే చాలు. ఈ సదుపాయం సంగతి తెలియక అప్పు చేసి ఫీజు కట్టే కుటుంబాలు ఉన్నాయి, అది బాధ కలిగించే విషయం.

చిన్న గాయాల కేసులకు లోక్ అదాలత్ బాగా పనికొస్తుంది. కేసు వేయకముందు కూడా అక్కడ పెట్టమని న్యాయ సేవాధికార సంస్థను కోరవచ్చు. కోర్టు ఫీజు కట్టి ఉంటే వెనక్కి వస్తుంది. కాకపోతే అక్కడి అవార్డుకు అప్పీలు లేదు. కాబట్టి చికిత్స పూర్తయ్యాక, ఇంకా కావాల్సిన ఫిజియోథెరపీ, ప్లేట్ తీసే ఆపరేషన్ ఖర్చులు లెక్కేసుకున్నాకే ఒప్పుకోండి. ఆ రోజు హాలులో జరిగే హడావుడి చూసి తొందరపడవద్దు. నచ్చకపోతే రాజీ వద్దనవచ్చు, కేసు మామూలుగా నడుస్తుంది.

మీ బీమా కంపెనీయే మొండికేస్తే

ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయండి. ఐఆర్‌డీఏఐ బీమా భరోసా పోర్టల్‌లో, లేదా 155255లో నమోదు చేయవచ్చు. నెలలో జవాబు రాకపోతే, వచ్చినది నచ్చకపోతే, ఏడాదిలోపు ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లండి. రెండు తెలుగు రాష్ట్రాలకూ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. రుసుము లేదు, లాయరును అనుమతించరు, 50 లక్షల వరకు చూస్తారు. అయితే ఇది మీ పాలసీ గొడవకే, ఎదుటివాళ్ల కంపెనీ మీద ఇక్కడ కుదరదు. రెండో దారి జిల్లా వినియోగదారుల కమిషన్. రెండేళ్లలోపు ఈ-జాగృతి పోర్టల్‌లో మీరున్న చోటి నుంచే వేయవచ్చు. మీరు కట్టిన ప్రీమియం 5 లక్షల లోపు కాబట్టి ఫీజు ఉండదు.

కేసు మీ మీదే పడితే

న్యాయ సంహిత 281, 125 సెక్షన్లు బెయిలు ఇచ్చి తీరాల్సినవి. స్టేషన్‌లోనే పూచీకత్తు మీద వదలాలి. విచారణకు పిలుస్తూ నాగరిక్ సురక్షా సంహిత 35(3) నోటీసు వస్తే చెప్పిన రోజున వెళ్లండి, లైసెన్స్, ఆర్‌సీ, పాలసీ నకళ్లు ఇచ్చి రసీదు తీసుకోండి.

ఛార్జిషీట్ పడ్డాక "ఒప్పేసుకో, వెయ్యో రెండు వేలో ఫైన్, ఒక్క రోజులో అయిపోతుంది" అనే సలహా కోర్టు వరండాలో చాలామంది ఇస్తారు. ఒప్పుకుంటే అది శిక్ష పడిన కేసుగా నమోదవుతుంది. ప్రభుత్వ ఉద్యోగం దరఖాస్తులో, వీసా ఫారంలో రాయాల్సి వస్తుంది. దెబ్బ తగిలినవాళ్లు వేసిన ఎంవీఓపీలో మీ నిర్లక్ష్యానికి రుజువుగానూ వాడతారు. గాయపడినవాళ్లతో 125 కింద రాజీకి కోర్టు అనుమతితో దారి ఉంది. ఒప్పుకునే ముందు లాయరుతో ఆ దారి గురించి మాట్లాడండి.

ట్రిబ్యునల్ నుంచి సమన్లు వస్తే "బీమా ఉంది కదా, వాళ్లే చూసుకుంటారు" అని బీరువాలో పెట్టేయకండి. అదే రోజు సమన్లు, పిటిషన్ కాపీ కంపెనీకి ఈమెయిల్‌లోనూ స్పీడ్ పోస్టులోనూ పంపండి. వాయిదాకు వెళ్లండి, కుదరకపోతే లాయరుతో వకాల్తా వేయించండి. మీరు రాకపోతే కేసు ఏకపక్షంగా నడుస్తుంది. లైసెన్స్ చెల్లదనో, పాలసీ షరతు తప్పారనో కంపెనీ వాదిస్తే జవాబు చెప్పడానికి అక్కడ మీ తరఫున ఎవరూ ఉండరు. ట్రిబ్యునల్ ఆ వాదన నమ్మితే కంపెనీ బాధితులకు ముందు చెల్లించి, ఆ మొత్తాన్ని మీ దగ్గర వసూలు చేసుకోమని ఆదేశం రావచ్చు.